పన్నెండు పద్ధతుల్లో నీళ్లు రావడం లేదు

సాగరతరంగ ఆతిథ్య విద్యా కళాశాలలో ఆడపిల్లల హాస్టల్ మోటారు ఆగిపోయిన రోజూ, విశ్వవిద్యాలయం నుంచి కొత్త సర్క్యులర్ వచ్చిన రోజూ ఒకటే కావడం హైమవతి దురదృష్టం. ఆ రెండింటిలో ఏ ఒక్కటి కాస్త ముందో వెనకో వచ్చి ఉంటే, మోటారు బాగయ్యేది, సర్క్యులర్ బీరువాలోకి వెళ్లేది, చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

కళాశాల భీమిలి దారిలో, సముద్రం కనిపించే గుట్ట మీద ఉంది. హోటళ్లలో పనిచేయబోయే పిల్లలకు అక్కడ పక్కలు సర్దడం, వడ్డించడం, లోపల ఏడుపు వస్తున్నా పైకి నవ్వడం నేర్పుతారు. హైమవతి చేరి ఇంకా ఏడాది కాలేదు. అంతకు ముందు విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్ రిసెప్షన్‌లో పనిచేసింది. ఆ వేళాపాళా లేని డ్యూటీలు పడక, పాఠాలు చెప్పుకుందామని ఇటు వచ్చింది. ఉద్యోగం పర్మనెంటు కావడానికి ప్రిన్సిపాల్ త్రివిక్రమరావుగారి సంతకం ఒక్కటే బాకీ. అందుకని ఆయన ఏం చెప్పినా "అలాగేనండీ" అనడం అలవాటు చేసుకుంది. ఆ అలవాటు ఎంతవరకు వెళ్లిందంటే, ఇంట్లో తమ్ముడు టీవీ రిమోట్ ఇలా పడేయమన్నా "అలాగేనండీ" అనేసి, తర్వాత నాలిక కరుచుకునేది.

ఆ ఉదయం ఫస్టియర్ అమ్మాయి ఢిల్లీశ్వరిని వెంటబెట్టుకుని ఆమె ప్రిన్సిపాల్ గదికి వెళ్లేసరికి, త్రివిక్రమరావుగారు సర్క్యులర్‌ని పైకి చదువుతున్నారు. గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు.

"ప్రపంచం అరచేతిలోకి వచ్చిన ప్రస్తుత తరుణంలో, అతిథులు భిన్న భాషా సాంస్కృతిక నేపథ్యముల నుండి విచ్చేసి భిన్న రీతుల్లో అసంతృప్తిని వ్యక్తపరచుచున్నందున, విద్యార్థులు కనీసం పన్నెండు సంస్కృతులలో ఫిర్యాదులను నిర్వహించు నైపుణ్యమును గడించవలెను. శిక్షణ కల్పిత ఫిర్యాదులతో గాక సజీవ ఫిర్యాదులతో జరుగవలెను. సెమిస్టరు అంతమున తనిఖీ ఉండును." ఆయన కళ్లజోడు తీసి ఇద్దరి వంకా చూశారు. "సజీవ ఫిర్యాదులు! ఎక్కడినుంచి తెమ్మంటారు? పిల్లలు ఎంత సుఖంగా ఉన్నారో ఇక్కడ!"

"సర్, హాస్టల్లో మోటారు పోయిందండీ," అంది హైమవతి. "పిల్లలకి నీళ్లు రావడం లేదు. మెకానిక్‌కి ఫోన్ చెయ్యమంటారేమో కనుక్కుందామని..."

త్రివిక్రమరావుగారు కుర్చీలోంచి లేచారు. మనవడు పుట్టాడన్న కబురు విన్న మనిషిలా ఉంది మొహం.

"ఎంత మంచి వార్త తెచ్చారమ్మా!"

హైమవతికి అర్థం కాలేదు. "ఫోన్ చేసేస్తాను సర్. సాయంత్రానికల్లా..."

"చేస్తే ఏమవుతుంది?"

"మోటారు బాగవుతుందండీ."

"బాగైతే?"

"నీళ్లొస్తాయి."

"నీళ్లొస్తే?" అన్నారాయన, లెక్క తప్పిన పిల్లని దారిలో పెడుతున్నట్టు. "ఫిర్యాదు చచ్చిపోతుంది! చేతికి అందిన ఒక్క సజీవ ఫిర్యాదునీ మన చేతులతో మనమే చంపుకుంటామా?"

"మరి పిల్లలు నీళ్లు..."

"హైమవతిగారూ, సర్క్యులర్‌లో 'నిర్వహించు' అని ఉంది. 'పరిష్కరించు' అని ఎక్కడైనా ఉందేమో చూపించండి. పరిష్కారం మన సిలబస్‌లో లేదు. అది మరమ్మతుల విభాగం పని."

"మనకి మరమ్మతుల విభాగం లేదు కదండీ."

"అందుకే పరిష్కారమూ లేదు," అని ముగించారాయన.

హైమవతి "అలాగేనండీ" అంది. బయటికొచ్చాక ఢిల్లీశ్వరి ఆమె మొహంలోకి చూసి, "మేడమ్, ఇంతకీ మోటారు బాగుసేస్తారా, సెయ్యరా?" అని అడిగింది. హైమవతి తిరిగి ఆమెనే బకెట్లు ఎన్ని ఉన్నాయని అడిగింది.

గుట్ట కింద మెస్సు దగ్గర ఒక కుళాయి ఉంది. అక్కడి నుంచి ఆడపిల్లలు బకెట్లతో నీళ్లు పైకి మోసుకోవడం మొదలైంది.

త్రివిక్రమరావుగారు మాత్రం నిద్రాహారాలు మాని పాఠ్యపుస్తకం తయారుచేశారు. దేశదేశాల అసంతృప్తి ఎలా ఉంటుందో ఇంటర్నెట్‌లో వెతికి, దొరికినదాన్ని దొరికినట్టు దేశానికొక పేజీ చొప్పున సర్దారు. జపాను అతిథి ఫిర్యాదు చేస్తే నడుము వంచాలి. ఫిర్యాదు ఎంత పెద్దదైతే అంత కిందికి వంగాలి. జర్మనీ అతిథి ముందు నవ్వకూడదు. రష్యా అతిథి ముందు అసలే నవ్వకూడదు. అరబ్బు అతిథిని ముందు కుటుంబ క్షేమం అడగాలి, ఫిర్యాదు తర్వాత. ఇంగ్లండు అతిథితో వాతావరణం మాట్లాడాలి. ఫ్రాన్సు అతిథితో జీవితం విషాదమయమని ఒప్పుకోవాలి. చైనా అతిథికి వేడినీళ్లు, తమిళ అతిథికి ఫిల్టర్ కాఫీ, గుజరాతీ అతిథికి మజ్జిగ ఇవ్వాలి. బెంగాలీ అతిథిని అలిసిపోయేదాకా వాదించనివ్వాలి. పంజాబీ అతిథిని కావిలించుకోవాలి. అమెరికా అతిథి ఏం చెప్పినా "అద్భుతం!" అనాలి. ఆయన జన్మలో ఏ దేశమూ వెళ్లలేదు. అందువల్ల ఏ పేజీ దగ్గరా ఆయనకి అనుమానం రాలేదు.

"తెలుగు లేదేమండీ?" అని అడిగింది హైమవతి, పుస్తకం తిరగేసి.

"తెలుగువాళ్లు చేసేది ఫిర్యాదు కాదమ్మా, గొణుగుడు," అన్నారాయన. "దానికి నిర్వహణ అక్కర్లేదు. కాసేపటికి అదే తగ్గిపోతుంది."

పాత దుప్పట్లు పెట్టే గదిని ఫిర్యాదుల ప్రయోగశాల చేశారు. బల్లలు వేసి, బల్లకొక జెండా పాతారు. ఇకపై కళాశాలలో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ప్రయోగశాలకే రావాలనీ, పన్నెండింటిలో ఏదో ఒక దేశపు మనిషిగా మారి చెప్పుకోవాలనీ, మామూలుగా చెప్పింది చెల్లదనీ నోటీసు వేశారు. మోటారు గదికి తాళం పడింది. తాళం మీద లక్క ముద్ర, దాని పైన బోర్డు: "సజీవ ఫిర్యాదు. ముట్టుకోరాదు."

మొదట్లో పిల్లలకి సరదాగా ఉంది. ఢిల్లీశ్వరి తలకి తువ్వాలు చుట్టుకుని అరబ్బు అతిథిగా వచ్చింది. బల్ల అవతల లోకనాథం కూర్చున్నాడు. ఇద్దరిదీ పాలకొండ దగ్గర ఒకే ఊరు.

"మా గదిలో నీళ్లు రావట్లేదు," అంది ఢిల్లీశ్వరి, గొంతు బొంగురు చేసి.

"ముందు మీ ఇంటికాడ అందరూ బాగున్నారా?" అన్నాడు లోకనాథం, పుస్తకం చూసి.

"బాగున్నారు."

"మీ అయ్య బాగున్నాడా? మీ సిన్నాన్న? మీ గేదె బాగుందా?"

"గేదె ఈనిందిరా!" అంది ఢిల్లీశ్వరి, తువ్వాలు మరిచిపోయి. "నిన్ననే అమ్మ ఫోన్ సేసింది. పెయ్యదూడంట!"

"అలగా! మరి జున్ను?"

"ఎవలైనా ఇటేపు వస్తే పంపిస్తానంది."

జున్ను సంగతి తేలేసరికి గంట కొట్టారు. వెనక నిలబడి చూస్తున్న త్రివిక్రమరావుగారు చప్పట్లు కొట్టారు. "చూశారా హైమవతిగారూ! నీళ్ల మాటే మరిచిపోయింది. ఇదీ నిర్వహణంటే!" ఇద్దరికీ నూటికి నూరు మార్కులు పడ్డాయి. ఢిల్లీశ్వరి ఆ మార్కులతో బకెట్టు పట్టుకుని గుట్ట దిగింది.

ఆడపిల్లల హాస్టల్‌కి వచ్చిన పేరు చూసి మిగతావాళ్లకి కన్ను కుట్టింది. తమకూ ఒక సజీవ ఫిర్యాదు మంజూరు చేయాలని మగపిల్లలు ప్రిన్సిపాల్‌ని అడిగారు. ఆయన దయతలిచి వాళ్ల బ్లాకులో దోమతెరలు తీయించారు. వంటల శాఖవాళ్లు మెస్సు సాంబారును ఫిర్యాదుగా నమోదు చేయించుకున్నారు. ఆ తర్వాత ఒకరోజు సాంబారు పొరపాటున బాగా కుదరడంతో వంటమనిషిని పిలిచి హెచ్చరించారు. గదుల శాఖ అధిపతి తమ కప్పు కారడం లేదని దిగులుపడి, వానాకాలం కోసం ఎదురుచూడసాగారు.

మోటారు మెకానిక్ సూరిబాబు, హాస్టల్లో నీళ్లు రావట్లేదని ఎవరి ద్వారానో విని, పిలవకుండానే పనిముట్ల సంచితో వచ్చాడు. అతన్ని ప్రయోగశాలకి తీసుకెళ్లారు. ఒకడు నడుము దాకా వంగాడు. ఒకడు కావిలించుకున్నాడు. ఒకమ్మాయి మజ్జిగ ఇచ్చింది. ఇంకొకడు జీవితం విషాదమయమని ఒప్పుకున్నాడు. గేటు దగ్గర హైమవతి ఎదురైతే, "అమ్మా, ఇక్కడ అందరూ బాగానే ఉన్నారా?" అని అడిగి వెళ్లిపోయాడు.

ఒక సాయంత్రం హైమవతి బస్సు కోసం గుట్ట దిగుతుంటే, సగం దారిలో ఢిల్లీశ్వరి రాయి మీద కూర్చుని ఉంది. పక్కన రెండు బకెట్లు. అరచేతులు విప్పి చూసుకుంటోంది. హ్యాండిల్ ఒరుసుకుని బొబ్బలు లేచాయి.

"ఏమైంది ఢిల్లీ?"

"ఏటీ కాలేదు మేడమ్. కుసేపు కూకున్నాను." తర్వాత నవ్వింది. "నీళ్ల గురించి జపానోళ్లకి సెప్పీసేను, జర్మనీవోళ్లకి సెప్పీసేను, బెంగాలీవోళ్లకైతే అరిసి మరీ సెప్పేను. తెలుగులో ఎవలికీ సెప్పలేదండి. మీకు సెప్పమంటారా?"

ఆ పిల్ల ఎత్తిపొడవాలని అనలేదు. అది తెలిసే హైమవతికి ఎక్కువ తగిలింది. ఒక బకెట్టు తను అందుకుని హాస్టల్ దాకా మోసింది. దారిలో రెండు చోట్ల దించింది. మర్నాడు ధైర్యం తెచ్చుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది.

"సర్, పిల్లలు చాలా ఇబ్బంది పడుతున్నారు. తనిఖీ దాకా ఎందుకండీ, ఇప్పుడే..."

"ఇబ్బంది పడకపోతే అది సజీవ ఫిర్యాదు ఎలా అవుతుందమ్మా?" త్రివిక్రమరావుగారు ఎంతో ఆప్యాయంగా అన్నారు. "మీ ఉద్యోగం ఫైలు నా బల్ల మీదే ఉంది. తనిఖీ అయిపోగానే చూస్తాను. ఈలోగా మనసు కష్టపెట్టుకోకండి. కాఫీ తాగుతారా?"

తనని కూడా నిర్వహిస్తున్నారని హైమవతికి కాఫీ సగం తాగాక అర్థమైంది.

తనిఖీకి ప్రొఫెసర్ ఓబులపతిగారు వచ్చారు. పెద్దాయన, పొట్టిగా, గుండ్రంగా ఉంటారు. అనంతపురం వైపు మనిషి. ముందు రోజు సాయంత్రమే దిగి గెస్ట్‌హౌస్‌లో బస చేశారు. గెస్ట్‌హౌస్ కుళాయిలకీ, ఆడపిల్లల హాస్టల్ కుళాయిలకీ నీళ్లిచ్చేది ఆ ఒక్క మోటారే. సంగతి ఆఖరి నిమిషంలో గుర్తొచ్చి త్రివిక్రమరావుగారు పైన చిన్న ట్యాంకులో మనుషుల చేత నీళ్లు పోయించారు. ఒక మనిషి సగం స్నానానికి అవి సరిగ్గా సరిపోతాయని ఎవరూ లెక్క వేయలేదు.

పొద్దున్నే పిల్లలంతా ఇస్త్రీ బట్టల్లో, దేశానికొకరు చొప్పున జెండా బ్యాడ్జీలు పెట్టుకుని గెస్ట్‌హౌస్ వరండాలో వరసగా నిలబడ్డారు. హైమవతి వాళ్ల పక్కన ఉంది. అప్పుడు బాత్రూమ్‌లోంచి కేక వినిపించింది.

"ఎవరన్నా ఉండారాప్పా బయట? నెత్తికంతా సబ్బు రుద్దుకున్యా, నీళ్లు నిలిచిపాయ! కండ్లు మండుతాండాయి!"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాఠం ప్రకారం మొదట చేయవలసింది అతిథి సంస్కృతిని గుర్తించడం.

"తెలుగు లాగుంది గానీ, తెలుగు కాదు," అన్నాడు లోకనాథం.

"అప్పా అన్నారు కదా. తమిళం," అంది తమిళ బల్ల అమ్మాయి, కాఫీ ఫ్లాస్కు అందుకుంటూ.

"కన్నడమేమో?"

"కన్నడం సిలబస్‌లో లేదు. ఉన్నవాటిలోంచే తియ్యాలి."

లోపల మగ్గు నేలకేసి కొట్టిన చప్పుడైంది. అంతలో త్రివిక్రమరావుగారు కోటు సర్దుకుంటూ వచ్చారు. తలుపుకి చెవి ఆనించి విన్నారు. మొహం వెలిగిపోయింది.

"తెలిసిందా! సారు స్వయంగా ఫిర్యాదుదారు వేషం కట్టారు! ఎంత సహజంగా చేస్తున్నారో! మహానుభావుడు. ఊఁ, వరసగా మొదలుపెట్టండి."

జపాను విద్యార్థి తలుపు ముందు నడుము వంచాడు. తలుపు వేసి ఉంది కాబట్టి, "వంగానండీ!" అని అరిచి చెప్పాడు.

"వంగి ఏం జేస్తావురా? నీళ్లు తేప్పా!"

"ఇంకా వంగానండీ!"

తర్వాత లోకనాథం ముందుకొచ్చాడు. "అయ్యా, మీ ఇంటికాడ అందరూ బాగున్నారా?"

"మా ఇంట్లో అంతా బాగుండారు! నేనే ఈడ సస్తాండా!"

"ఈ రోజు కాస్త మబ్బుగా ఉందండీ," అంది ఇంగ్లండు.

"మబ్బుంటే వాననన్నా రమ్మను!"

"అద్భుతం!" అంది అమెరికా.

తలుపు కింది సందులోంచి కాఫీ కప్పు లోపలికి తోయడానికి తమిళ బల్ల అమ్మాయి శతవిధాలా ప్రయత్నించింది. కప్పు పట్టలేదు. సాసరు ఒక్కటీ వెళ్లింది. పంజాబీ బ్యాడ్జీ కుర్రాడు తలుపునే కావిలించుకున్నాడు. లోపలి నుంచి రాయలసీమ తిట్లు ధారగా రావడం మొదలైంది. త్రివిక్రమరావుగారు తన్మయంగా కళ్లు మూసుకుని, "ఆహా, ఆ ఉచ్చారణ చూడండి," అన్నారు.

హైమవతి ఆ గొంతు వింటోంది. హోటల్లో పనిచేసిన రోజుల్లో అర్ధరాత్రి ఫోన్లలో ఎన్నో భాషల్లో విన్న గొంతే అది. భాష ఏదైనా, కళ్లలో సబ్బు పడ్డ మనిషి గొంతు ఒకేలా ఉంటుంది.

"సర్, అది వేషం కాదండీ," అంది. "ఆయనకి నిజంగానే నీళ్లు లేవు."

"హైమవతిగారూ," అన్నారు త్రివిక్రమరావుగారు కళ్లు తెరవకుండానే, "మీ ఫైలు..."

"ఉంది కదండీ మీ బల్ల మీద. ఉండనివ్వండి."

తన నోటి నుంచి "అలాగేనండీ" కాకుండా వేరే మాట రావడం ఆమెకే వింతగా అనిపించింది. వెనక్కి తిరిగింది. "ఢిల్లీ, మీ గదుల్లో నీళ్లున్న బకెట్లన్నీ పట్టుకురండి. పరిగెత్తండి."

ఆడపిల్లలకి మరో మాట అక్కర్లేకపోయింది. అన్నాళ్ల సాధన ఉంది మరి. వరండా అంతా బకెట్లు వచ్చి చేరాయి. "సర్, తలుపు కొంచెం తీసి చెయ్యి బయట పెట్టండి," అంది హైమవతి. సబ్బు నురగతో ఒక చెయ్యి బయటికొచ్చి, బకెట్టుని లాక్కుని మాయమైంది. లోపల నీళ్ల చప్పుడు, ఆ వెంటనే పెద్ద నిట్టూర్పు. కాసేపటికి ఆ చెయ్యి మళ్లీ వచ్చింది.

హైమవతి అప్పటికే సూరిబాబుకి ఫోన్ చేసింది. అతను అటువైపు నుంచి మొహమాటంగా, "వస్తాను గానమ్మా, మళ్లీ కావిలించుకోరు కదా?" అని అడిగాడు. కావిలించుకోరని ఆమె మాటిచ్చింది. అతను వచ్చేలోగా మోటారు గది దగ్గరికి వెళ్లి, లక్క ముద్రని రాయితో కొట్టింది. లక్క చిట్లింది. తాళం మాత్రం లొంగలేదు. లోకనాథం వచ్చి, జర్మనీ బ్యాడ్జీవాడి సాయంతో తలుపు పట్టీనే ఊడదీశాడు. సూరిబాబు లోపలికి వెళ్లి చూసి, కండెన్సర్ పోయిందన్నాడు. సంచిలోంచి ఒక చిన్న డబ్బాలాంటిది తీసి బిగించి, స్విచ్ వేశాడు. ఇన్నాళ్లూ పన్నెండు దేశాలు మోసిన ఫిర్యాదు, వక్క నమిలి ఊసేంత సేపట్లో తీరిపోయింది.

హాస్టల్లో ఎవరెవరు ఎప్పుడు తిప్పి వదిలేసిన కుళాయిలో, అన్నీ ఒక్కసారిగా మోగాయి. మేడ మీద నుంచి ఆడపిల్లల కేకలు సముద్రం దాకా వినిపించాయి. ఢిల్లీశ్వరి కుళాయి కింద రెండు అరచేతులూ పెట్టుకుని, అలాగే నిలబడిపోయింది.

తనిఖీ సమావేశం మధ్యాహ్నం జరిగింది. ఓబులపతిగారు కోటు వేసుకుని, ఎర్రటి కళ్లతో అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. త్రివిక్రమరావుగారికి అప్పటికి అసలు సంగతి బోధపడింది. ఆయన నీళ్లు తాగుతూనే ఉన్నారు.

"నీళ్లు ఎవరు తెప్పించినారు?" అని అడిగారు ఓబులపతిగారు.

"క్షమించాలి సర్. అది పూర్తిగా సిలబస్‌కి విరుద్ధంగా జరిగిన చర్య. మా అధ్యాపకురాలు ఒకరు ప్రిన్సిపాల్ అనుమతి లేకుండా, సంస్థ బోధన సామగ్రిని ధ్వంసం చేసి..."

"ఆ యమ్మను పిలిపీ."

హైమవతి వచ్చి నిలబడింది. ఉద్యోగం పోతుందని ఖాయం చేసుకునే వచ్చింది. పాత హోటల్ మేనేజరు నంబరు ఫోన్‌లో ఉందో లేదో మెట్లెక్కుతూ చూసుకుంది కూడా.

"కూర్చో తల్లీ," అన్నారు ఓబులపతిగారు. "ఆ సర్క్యులర్ రాసింది నేనే. ఎందుకు రాసినానో చెప్పల్ల. ఒకసారి పరదేశం పోయినప్పుడు, హోటల్లో ఇట్లనే నీళ్లు నిలిచిపాయ. నా మాట వాళ్లకు తెలీదు, వాళ్ల మాట నాకు తెలీదు. సబ్బుతో గంటసేపు నిలబడినా. మన పిల్లోళ్లు ఏ దేశమోని మాటైనా తెలుసుకోవల్లని, వచ్చినాక కూర్చుని పన్నెండు సంస్కృతులని రాసినా. అన్నీ రాసినా గానీ, నీళ్లు రావల్లనే సంగతి రాసేది మర్సిపోయినానమ్మా."

హైమవతికి ఆ పెద్దాయన మీద ఎక్కడలేని జాలి కలిగింది.

"ఇప్పుడు రాయచ్చు కదండీ?" అంది.

"సర్క్యులర్ మార్చల్లంటే పాలకమండలి కూర్చోవల్ల. కూర్చుంటే లేయదు." ఆయన ఆలోచించారు. స్నానం చేసిన మనిషి వెనక్కి తగ్గి, అధికారి మెల్లగా ముందుకొచ్చాడు. "అయితే, అనుబంధం చేర్చు అధికారము మాకు కలదు. పదమూడవ సంస్కృతి: తెలుగు. లక్షణము: చెప్పిన వెంటనే చేసిపెట్టుట. బాధ్యురాలు: ఈ యమ్మ."

త్రివిక్రమరావుగారు గొంతు సవరించుకున్నారు. "ఆవిడ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు సర్. నిబంధనల ప్రకారం..."

"పర్మనెంటు కాని మనిషి ఒక సంస్కృతికి బాధ్యత వహించడం నిబంధనలకు విరుద్ధం. కాబట్టి ఇప్పుడే సంతకం పెట్టండి," అన్నారు ఓబులపతిగారు. త్రివిక్రమరావుగారు జేబులన్నీ తడుముకున్నారు. కలం కనపడలేదు. ఓబులపతిగారు తనది ఇచ్చారు.

పదమూడో బల్ల మరుసటి వారమే మొదలైంది. దానికి జెండా ఏమిటో ఎవరికీ తోచక, సూరిబాబు మరిచిపోయి వెళ్లిన స్పానర్ని నిలబెట్టారు. మాటల పాఠం మాత్రం హైమవతి మానలేదు. తమిళంలో, హిందీలో, ఇంగ్లీషులో "ఇప్పుడే చూస్తాను" అనడం నేర్పేది. అన్నాక నిజంగానే వెళ్లి చూడాలని చెప్పేది. దోమతెరలు తిరిగొచ్చాయి. సాంబారు బాగుపడింది. గదుల శాఖవాళ్లు కప్పు కారకముందే బాగుచేయించి, తర్వాత ఎందుకు చేశామా అని కొంచెం బాధపడ్డారు. ప్రయోగశాలలో పన్నెండు బల్లల ముందూ మనుషులు లేక జెండాలు దుమ్ము పట్టాయి. త్రివిక్రమరావుగారు అప్పుడప్పుడు వచ్చి, ఏ బల్ల ముందో కాసేపు కూర్చుని వెళ్లేవారు.

విశ్వవిద్యాలయానికి తర్వాతి సెమిస్టరు నివేదికలో ఫిర్యాదుల చోట సున్నా వెళ్లింది. అది చూసి అక్కడ కలకలం రేగింది. ఒక్క ఫిర్యాదు కూడా లేని కళాశాలలో ఏదో ఘోరం జరుగుతూ ఉండాలని తేల్చి, నిజనిర్ధారణ సంఘాన్ని పంపారు. ముగ్గురు సభ్యులు. పొద్దుటి నుంచీ హాస్టళ్లు, మెస్సు, కుళాయిలు, మంచాల కిందా మీదా అన్నీ వెతికారు. పిల్లల్ని విడివిడిగా పిలిచి, భయపడకుండా చెప్పమన్నారు. పిల్లలు భయపడకుండా అంతా బాగుందని చెప్పారు. సాయంత్రమయ్యేసరికి ముగ్గురూ సిబ్బంది గదిలో కూలబడ్డారు.

"ఒక్కటి కూడా దొరక్కపోతే నివేదికలో ఏం రాయాలండీ?" అన్నాడు సంఘాధ్యక్షుడు, దాదాపు ఏడుపు గొంతుతో. "ఖాళీ నివేదిక ఇస్తే మమ్మల్ని ఎందుకు పంపినట్టు? ఫిర్యాదు లేకపోవడమే మా ఫిర్యాదు!"

గుమ్మం దగ్గర ఉన్న ఢిల్లీశ్వరి హైమవతి చెవిలో, "మేడమ్, ఈళ్ల ఫిర్యాదు కూడా తీర్సీమంటారా?" అంది.

హైమవతి ఆ ముగ్గురి మొహాలూ చూసింది. పాపం, నిజంగానే కష్టంలో ఉన్నారు. "తీర్చెయ్యండి," అంది.

కాసేపటికి టీ వచ్చింది. అధ్యక్షుడు ఒక గుక్క తాగి ఆగిపోయాడు. రెండో సభ్యుడు తాగి అధ్యక్షుడి వంక చూశాడు. మూడో సభ్యుడు కప్పు వాసన చూశాడు.

"ఇందులో పంచదారకి బదులు ఉప్పు వేశారు!" అన్నాడు అధ్యక్షుడు. ఆ మాట అంటుంటే ఆయన మొహంలో నెత్తురు తిరిగొచ్చింది. "ఇది తీవ్రమైన లోపం!"

"చాలా తీవ్రమైనది," అన్నాడు రెండో సభ్యుడు, ఆనందంగా.

"క్షమించలేనిది," అన్నాడు మూడో ఆయన, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. పక్కన త్రివిక్రమరావుగారు చాలా రోజుల తర్వాత మనస్ఫూర్తిగా నవ్వారు.

"వెంటనే మార్పించేస్తానండీ," అంది హైమవతి. "పంచదార వేసి వేరే కప్పు తెప్పించమంటారా?"

"వద్దు, వద్దు!" అధ్యక్షుడు కలం మూత తీశాడు. "ఇలాంటిదే ఇంకొకటి తెప్పించండి. రెండోసారి కూడా ఉప్పే ఉంటే, దాన్ని వ్యవస్థాగత లోపం అని రాయొచ్చు."